సగం తోమిన చెంబు

1985 వేసవి సెలవుల్లో నేను వేసిన ఒక పెన్సిలు బొమ్మ ఇప్పటికీ నా దగ్గర ఉంది. పావు షీటు కార్ట్రిడ్జి కాగితం మీద ఒక ఇత్తడి చెంబు, ఒక స్టీలు గ్లాసు, ఒక ఖాళీ గోళీసోడా బుడ్డి, వాటి ముందు అడ్డంగా పడుకోబెట్టిన ఒక గరిటె ఉంటాయి. కాగితం అంచులు పచ్చబడ్డాయి. కింది కుడి మూలలో టీ ఒలికినట్టుగా ఒక నీటి మరక ఉంది. దాని సంగతి తరవాత చెబుతాను. బొమ్మగా చూస్తే అది గొప్పదేమీ కాదు. గ్లాసు మూతి ఒక పక్కకు ఒరిగింది, గరిటె కాడ ఉండవలసిన దానికంటే పొడుగైంది, నీడలు వేసిన చోట వేలితో పులిమిన మురికి ఇప్పటికీ కనిపిస్తుంది. చెంబు మాత్రం కుదిరింది. ఆ చెంబు పొట్టలో, అరచేతిలో సగం కూడా లేని చోటులో, కోటవీధి దగ్గర మేము అద్దెకున్న పెంకుటింటి ముందుగది చాలావరకు ఉంది. ఆ గది లోపలి ఫొటో ఒక్కటి కూడా మా కుటుంబంలో ఎవరి దగ్గరా లేదు.

విశాఖపట్నం వన్‌టౌన్‌లో కాపురమున్న వాళ్లకు ఇత్తడి సామానుతో ఉండే బాధ తెలుసు. ఒక పక్క హార్బరు, ఒక పక్క సముద్రం. గాలిలో ఉప్పూ తేమా ఏ నెలలోనూ తగ్గవు. శుక్రవారం చింతపండూ ముగ్గుపిండీ పెట్టి బంగారంలా తోమిన బిందె మంగళవారానికల్లా మసకబారేది. వానల రోజుల్లో అయితే అంచుల దగ్గర పచ్చగా కిలుము కూడా పట్టేది. ఇత్తడిలోని రాగి ఆ ఉప్పుగాలికి అలా మారుతుందనీ, చింతపండులోని పులుపు ఆ పొరను కరిగించి లోపలి లోహాన్ని బయటపెడుతుందనీ నేను ఆ తరవాత కాలేజీలో చదువుకున్నాను గాని, మా మామ్మ ఆ చదువు లేకుండానే వారం వారం ఆ ప్రయోగం చేసేది. తాతయ్య పోయిన దగ్గర నుంచి తెల్లచీర తప్ప కట్టని మనిషి, ఇంట్లో తన వాటాకు వచ్చిన రంగూ వెలుగూ అంతా ఆ ఇత్తడి సామాను లోనే చూసుకునేదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం అది సముద్రానికీ మామ్మకూ మధ్య తెగని తగవులా కనిపించేది.

నాకు బొమ్మలు నేర్పిన మాస్టారు అల్లిపురంలో ఉండేవారు. పగలు ఓడల కర్మాగారంలో రంగులు వేసే పని చేసి, ఆదివారం పొద్దున్న ఆరేడుగురు పిల్లలను ఇంటి వరండాలో చాపల మీద కూర్చోబెట్టుకుని, ప్రభుత్వం జరిపే డ్రాయింగ్ లోయర్ పరీక్షకు తయారుచేసేవారు. నెలకు పదిహేను రూపాయలు తీసుకునేవారు. ఇవ్వలేనివాళ్లను అడిగేవారు కారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. బొమ్మ కింద సంతకం కాస్త పెద్దదిగా పెట్టినా ఊరుకునే మనిషి కారు ఆయన.

మొదటి ఏడాదంతా మాచేత మట్టికుండలూ, ఇటుకలూ, అరటిపండ్లూ, పుస్తకాల దొంతరలూ వేయించారు. మట్టికుండకు ఒక వరస ఉంది, అది పట్టుబడితే చాలు. వెలుగు వచ్చే వైపు తెల్లగా మొదలై, పొట్ట తిరిగే కొద్దీ మెల్లగా ముదురుతూ పోయి, అంచుకు కొంచెం ముందు అన్నిటికంటే నల్లగా అయి, సరిగ్గా అంచు దగ్గర నేల మీది వెలుగు ఎగసి తగలడం వల్ల మళ్లీ కాస్త తేలుతుంది. ఈ వరస చేతికి వచ్చాక మాకు గర్వం కూడా వచ్చింది. గుండ్రంగా ఉన్నది ఏదైనా వేసెయ్యగలమనుకున్నాము. ఆ గర్వం కనిపెట్టే కాబోలు, ఒక ఆదివారం మాస్టారు మట్టికుండ తీసేసి ఆ చోట వాళ్లింటి స్టీలు చెంబు పెట్టారు.

మేమందరం దాన్ని కుండ వేసినట్టే వేశాము. ఆరుగురివీ ఆరు మట్టిచెంబులయ్యాయి. మాలో ఒకడు తెలివిగా ఆలోచించి, మరుసటి ఆదివారం పూర్ణామార్కెట్ వైపు ఏదో దుకాణంలో కొన్న వెండిరంగు చిన్న డబ్బా ఒకటి జేబులో పెట్టుకుని వచ్చాడు. మాస్టారు కోప్పడలేదు. వెయ్యమన్నారు. వాడు చెంబు పొట్ట నిండా పట్టించి, ఆరబెట్టి, గోడకు ఆనించి దూరం నుంచి చూస్తే అది అచ్చం కొత్తగా రంగు వేసిన ఇనపగేటు ముక్కలా ఉంది. మాస్టారు చాలాసేపు చూసి, "ఓడకి నేను రోజూ పూసేది ఇలాటిదేరా. దీంతో ఓడ తుప్పు పట్టకుండా ఉంటాది గాని, ఓడ బొమ్మ రాదు" అన్నారు. ఆనాటి నుంచి మా క్లాసులో వెండిరంగూ బంగారురంగూ కనిపించలేదు.

ఆ తరవాత ఆయన చెప్పినది ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. "మీరు చెంబుని చూస్తన్నారు. చెంబులో ఏటుందో చూడండి. అందులో కనిపించేది కిటికీయా, గుమ్మమా, మీ తలకాయా అని పేరు అడగొద్దు. పేరు తెలిస్తే మీకు తెలిసిన కిటికీ ఏసేస్తారు, కనిపించిన కిటికీ ఎయ్యరు. ఆకారం ఎంత, నలుపు ఎంత, అంతే." ఈ మాటను ఆయన ఎక్కడ పట్టుకున్నారో తెలియదు. బొమ్మలు నేర్పేవాళ్లు ఎంతోమంది ఈ మాటనే తమ తమ మాటల్లో చెబుతారని తరవాత తెలిసింది గాని, వరండాలో చాప మీద కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్లవాడికి అది మంత్రంలా ఉంది.

ఆ వారమే ఆయన ఒక విచిత్రమైన ఇంటిపని ఇచ్చారు. ఇంట్లో ఇత్తడి చెంబు ఉన్నవాళ్లు దాన్ని నిలువునా సగం మాత్రమే తోమాలి. రెండో సగం నల్లబడి ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యాలి. తోమిన సగం కిటికీ వైపు వచ్చేలా పెట్టుకుని వెయ్యాలి.

మామ్మ ససేమిరా అంది. "సగం తోమిన చెంబు కొంపలో ఉంటే దరిద్రం రా గుంటడా. ఏ మేస్టరు సెప్పాడ్రా నీకు?" అని నన్నూ మాస్టారినీ కలిపి తిట్టింది. చివరికి అక్క మధ్యవర్తిత్వం చేస్తే ఒక బేరం కుదిరింది. చెంబు పొద్దున్న నాకు ఇస్తుంది. సాయంత్రం దీపం పెట్టే వేళకు ముందే తిరిగి ఇచ్చేస్తే మిగతా సగం తోమేస్తుంది. అంతవరకూ బయటివాళ్లెవరికీ అది కంటపడకూడదు. తోమే పని మాత్రం నాకు అప్పగించలేదు. చెంబు మెడ నుంచి అడుగు దాకా ఒక దారం బిగించి కట్టి, దారానికి ఇవతలి వైపు మాత్రమే చింతపండు పెట్టి, గీత గీసినట్టుగా తోమి ఇచ్చింది. ఇష్టం లేని పనిని కూడా అంత నాణ్యంగా చేసిన మనిషిని నేను ఆ తరవాత పెద్దగా చూడలేదు.

ముందుగదిలో కిటికీ నాకు ఎడమ చేతి వైపు వచ్చేటట్టు నేల మీద కూర్చుని, ఎదురుగా పీట వేసి, దాని మీద పాత గొడుగు నుంచి తీసిన నల్లగుడ్డ పరిచి చెంబు పెట్టుకున్నాను. మొదటి అరగంట లోనే ఒక చిక్కు వచ్చిపడింది. మట్టికుండ మీది నీడ కుండకు చెందినది. మనం ఎటు జరిగినా అది ఉన్నచోటే ఉంటుంది. చెంబు మీది మెరుపు అలా కాదు, మన కన్నుతో పాటు అదీ జరుగుతుంది. నేను కాస్త ముందుకు వంగితే కిటికీ పొట్ట మీద కిందికి జారేది, వెనక్కు వాలితే పైకి పాకేది. చివరికి ఎదురుగోడకు ఉన్న కేలండరు మేకూ, చెంబు మూతి అంచూ ఒకే వరసలో కనిపించే చోట తల నిలిపి, ఒక కన్ను మూసుకుని వెయ్యడం మొదలుపెట్టాను. మెడ పట్టేసినప్పుడల్లా లేచి తిరిగి వచ్చి, మళ్లీ మేకును వెతుక్కునేవాడిని.

తోమిన సగంలో, కుండల ద్వారా నేను నేర్చుకున్న మెల్లగా ముదిరే నీడ ఎక్కడా లేదు. కిటికీ పడిన చోటు వట్టి కాగితమంత తెల్లగా ఉంటే, దానికి వెంట్రుకవాసి ఎడం కూడా లేకుండా పక్కనే కాటుకలాంటి నలుపు. ఆ నలుపు వెలుగు తగలని గోడది. కిటికీ నిలువు ఊచలు అయిదూ విల్లుల్లా వంగి, పొట్ట అంచుకు దగ్గరపడే కొద్దీ ఒకదానికొకటి నొక్కుకుంటూ, చివరిది వెంట్రుకంత సన్నగా ఉంది. దారం కట్టిన గీత దాటి తోమని వైపుకు వస్తే, అదే చెంబు, అదే వెలుగు, కాని అక్కడ కిటికీ లేదు, ఊచలు లేవు. పొగమంచులో దీపంలా ఒక మసక తెలుపు, దాని చుట్టూ మెల్లగా ముదిరే నీడ, అంటే నా పాత మట్టికుండ. తోమిన నున్నని వైపు వెలుగు అద్దం మీద నుంచి వచ్చినట్టు వరస చెడకుండా తిరిగి వస్తోంది. తోమని వైపు ఆ పలచటి గరుకు పొరలో పడి చెల్లాచెదరవుతోంది. మాస్టారు సగం ఎందుకు తోమమన్నారో అప్పుడు బోధపడింది. ఆ గీత సరిగ్గా నా ముఖం మధ్యగా పోయింది. ఎడమ సగం ముఖం, ఒక చెవి, ఒక భుజం ఇత్తడిలో స్పష్టంగా ఉన్నాయి. కుడి సగం లేదు. కాగితం బిగించి ఒడిలో పెట్టుకున్న అట్ట అన్నిటికంటే చెంబుకు దగ్గరగా ఉంది కనుక, నా తలకంటే పెద్దదిగా, తెల్లటి నావలా పొట్ట కింది భాగంలో తేలుతోంది.

తెల్లరంగు అంటూ వేరే ఏమీ లేదు. ఉన్న తెలుపంతా కాగితానిదే కనుక దాన్ని ముందే గీత గీసి కాపాడుకోవాలి. చెయ్యి పొరపాటున తగిలి మసకబారితే రబ్బరును బ్లేడుతో ఏటవాలుగా కోసి, ఆ మొనతో ఎత్తాలి. అలా కాపాడుకున్న తెలుపుల్లో కిటికీ ఒకటి, ఒడిలోని కాగితం ఒకటి. మూడోది, కిటికీకీ నా తలకూ మధ్య, చెంబు భుజానికి దగ్గరగా, చింతగింజ కంటే చిన్నది. కింద వెడల్పుగా, పైకి పోయే కొద్దీ సన్నగా ఉంది. పేరు అడగవద్దన్నారు కనుక నేను అడగలేదు. ఆకారం ఎంతో, తెలుపు ఎంతో చూసి వేసేశాను. దీపాల వేళకు ఇంకా చాలా పొద్దు ఉండగానే మామ్మ చింతపండు గిన్నెతో వచ్చి చెంబు పట్టుకుపోయింది. ఆ వేళప్పుడు పెరట్లో నుంచి వినిపించిన తోముడు చప్పుడులో నెగ్గినవాళ్ల ఉత్సాహం ఉంది.

మిగతా మూడు వస్తువులూ మరునాటి నుంచి వేసినవి, చెంబు ఖాళీగా వదిలిన చోటు చుట్టూ సర్దినవి. స్టీలు గ్లాసు సులువుగా లొంగింది. అది నిలువు గుండ్రం కనుక గదిలోని ప్రతి వస్తువూ ఎత్తు తగ్గకుండా, వెడల్పు మాత్రం నలిగిపోయి, నిలువు చారలుగా కనిపిస్తుంది. తెల్లచార, నల్లచార, మళ్లీ తెల్లచార, అంతే. నాలుగు చారలు సరైన చోట పడితే గ్లాసు తళతళలాడుతుంది. అప్పటికి మా వీధిలో చాలా ఇళ్లలో ఇత్తడి తూకానికి పోయి స్టీలు వచ్చేసింది. ఊరి చివర ఉక్కు కర్మాగారం కడుతున్నారు కాబట్టి ఈ గ్లాసులన్నీ అక్కడే తయారై వస్తాయని నేను గట్టిగా నమ్మేవాడిని. అక్కడ చేసేది ఇళ్లకూ వంతెనలకూ వాడే కడ్డీలూ దూలాలూ అనీ, తొలి కొలిమి వెలిగింది కూడా 1990లో అనీ తెలిసే నాటికి నేను ఉద్యోగంలో చేరాను. గరిటె సంగతి ఏముంది, దాని గుంటలో గది తలకిందులైంది, వీపు మీద తిన్నగా నిలబడింది. అది చూసి మా అక్క కూడా ఒక అరగంట ఆడుకుంది.

నన్ను ఏడిపించినది సోడాబుడ్డి. హిరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఆయన 1872లో పేటెంటు పొందిన సీసా అది. లోపలి గ్యాసు గోళీని పైకి నెట్టి, మూతి దగ్గరి రబ్బరు చుట్టకు అదిమి, ఆ బిగువుతోనే మూతపడుతుంది. జగదాంబ జంక్షన్ దగ్గర బొటనవేలితో ఠప్పున కొట్టి సోడా ఇచ్చే కుర్రవాడికి ఈ చరిత్రతో పని లేదు, నాకూ లేదు. నాకున్న కష్టమల్లా, గాజును ఎక్కడ వెయ్యాలన్నది. చెంబులో కనీసం గది ఉంది. గాజులో వెనకాల ఉన్నదంతా కనిపిస్తుంటే సీసా అనేది ఎక్కడ ఉన్నట్టు? తెల్లగోడ ముందు పెట్టి చూస్తే సీసా అంచులు మాత్రం నల్లటి గీతల్లా తేలాయి. నల్ల గొడుగుగుడ్డ ముందు పెట్టగానే ఆ అంచులే తెల్లబడ్డాయి. అంచు దగ్గర మందపు గాజు వెలుగును పక్కకు వంచేస్తుంది కనుక వెనకాల ఉన్నది అక్కడ కనిపించదు; పక్కన ఎక్కడో ఉన్నదే కనిపిస్తుంది. అంటే సీసాకు నేను గీయగలిగినదల్లా ఆ అంచులూ, మెడ దగ్గర గోళీ ఆగడానికి చేసిన నొక్కులూ, భుజం మీద కిటికీ తెలుపు ఒక చుక్కా. మధ్యలో ఏమీ వెయ్యకుండా వదిలెయ్యడానికి ధైర్యం కావాలి. నాకు ఆ ధైర్యం లేక, మధ్యలో కూడా కొంత బూడిదరంగు పులిమాను. ఆ తప్పు ఇప్పటికీ బొమ్మలో ఉంది. గోళీ మాత్రం చూడముచ్చటగా వచ్చింది. ఆ గాజు గుండు తనలో నుంచి కనిపించే దాన్ని తలకిందులు చేస్తుంది. అందువల్ల కిటికీ వెలుగు దానికి అడుగున చేరింది, పీట నలుపు పైకి ఎక్కింది. అది నేను చూసి వేసినదే గాని, ఎందుకలా ఉందో అప్పటికి తెలియదు. తరవాత నీటిరంగులకు వచ్చాక ఇంకొకటి గమనించాను. ఇత్తడి మీద పడిన తెల్లటి ఆకాశం పసుపుగా తిరిగి వస్తుంది; గాజు మీద పడినది మాత్రం తెల్లగానే ఉంటుంది. ఈ తేడా తెలియక ఇత్తడికి వట్టి తెల్లచుక్కలు పెట్టినవాళ్ల చెంబులు ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి. నావీ కొన్నాళ్లు కనిపించాయి.

ఆదివారం బొమ్మ తీసుకుపోయాను. మాస్టారు గ్లాసును చూసి తల ఊపారు, సీసా మధ్యలో బూడిదరంగు చూసి మూలిగారు, చెంబు దగ్గర ఆగిపోయారు. పెన్సిలు వెనక కొసతో, కాగితానికి తగలకుండా, ఒక్కొక్క తెలుపునూ చూపిస్తూ, "ఇది కిటికీ. ఇది నీ కాగితం. మరి ఇదేటి?" అన్నారు. నేను ఏమీ చెప్పలేకపోయాను. "ఒక గదికి రెండు కిటికీలున్నాయా?" లేవన్నాను. "నువ్వు చూసి ఏసేవా, బాగుంటాదని పెట్టేవా?" చూసే వేశానన్నాను గాని, నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకే అనుమానం వచ్చింది. ఆయన నా ముఖం చూసి, "చూసి ఏస్తే ఉంచు. లేకపోతే కప్పెయ్" అని పక్కవాడి కాగితం అందుకున్నారు. నేను ఉంచేశాను. నిజాయితీ వల్ల అని చెప్పుకుంటే బాగుంటుంది. అసలు కారణం, దాని చుట్టూ ఉన్న 6బి పెన్సిలు నలుపును కదిలిస్తే చెంబంతా పాడవుతుందన్న భయం.

లోయర్ పాసయ్యాను. హయ్యర్‌కు కట్టిన ఏడాది ఇంటర్మీడియట్ పరీక్షలు అడ్డం వచ్చాయి. ఆ తరవాత చదువూ, లెక్కల ఉద్యోగమూ, పెళ్లీ. బొమ్మలు ఆదివారాలకు, తరవాత పండగలకు, ఆ తరవాత ఫైలులోకి పోయాయి. మామ్మ 1991లో పోయింది. కోటవీధి ఇంటిని ఇంటివాళ్లు అమ్మేశాక అక్కడ నాలుగంతస్తుల భవనం లేచింది.

ఈ మధ్యకాలంలో ఐరోపా చిత్రకారుల బొమ్మలను కంప్యూటరు తెర మీద పెద్దవి చేసుకుని చూసే అలవాటు ఒకటి అయింది. యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన దంపతుల చిత్రంలో వెనకగోడ మీద ఒక గుండ్రటి అద్దం ఉంటుంది. అందులో ఆ దంపతుల వీపులతో పాటు, చిత్రంలో మరెక్కడా లేని ఇద్దరు మనుషులు గుమ్మంలో నిలబడి కనిపిస్తారు. క్లారా పీటర్స్ అనే ఆవిడ 1612 నాటి తన నిశ్చలచిత్రంలో, పూత పూసిన పానపాత్ర బుడిపెల మీద తన బొమ్మనే పలుమార్లు, గింజలంతేసి పరిమాణంలో వేసుకుంది. ఇవి చూసినప్పుడు నాకు గుర్తుకు వచ్చినది మన భౌతికశాస్త్రం పుస్తకంలోని మాట. ఉబ్బెత్తు అద్దానికి మనవాళ్లు పెట్టిన పేరు కుంభాకార దర్పణం. పరీక్షల కోసం వందసార్లు రాసిన మాటలో కుంభం ఉందని, ఆ కుంభం మా మామ్మ తోమిన చెంబేనని నాకు నలభై ఏళ్లు దాటేదాకా తట్టలేదు.

ఇక నీటి మరక సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్లకు దగ్గరగా వీచే గాలితో మా ఊరి మీదనే తీరం దాటింది. ఎం.వి.పి. కాలనీలో మేమున్న మూడో అంతస్తు ఫ్లాటులో సముద్రం వైపు కిటికీ అద్దాలు మధ్యాహ్నానికల్లా పోయాయి. గది నిండా గాజుపెంకులు, నీళ్లు, ఎక్కడివో చెట్ల ఆకులు. జీవితంలో ఒక్కసారి, మెరిసే వస్తువును చూస్తే విసుగెత్తిన రోజు అది. కరెంటు లేని ఆ తరవాతి రోజుల్లో, తడిసిన కాగితాలన్నీ బట్టల తీగకు క్లిప్పులతో తగిలించి ఆరబెడుతుంటే, ఫైలులో నుంచి ఈ బొమ్మ వచ్చింది. బాల్కనీ వెలుతురులో, అద్దాలు లేని కిటికీ పక్కన నిలబడి, ఇరవై తొమ్మిదేళ్ల తరవాత చెంబు పొట్టలోకి చూశాను. కిటికీ, అయిదు ఊచలు, సగం నేను, ఒడిలో కాగితం, వెనక వంటింటి వైపు గుమ్మం నల్లగా నిలువుగా. ఆ గుమ్మం నలుపులో ఆ మూడో తెలుపు. కింద వెడల్పు, పైన సన్నం. గడప మీద కూర్చున్న మనిషి ఆకారం అది. తెల్లచీర కట్టుకున్న మనిషి.

నాకు అంతా ఒక్కసారిగా కలిసివచ్చింది. సగం తోమిన చెంబు ఇంట్లో ఉండగా మామ్మకు కాలు నిలవదు. దీపాల వేళ ఎప్పుడవుతుందా, చెంబు ఎప్పుడు చేతికి వస్తుందా అని నా వెనక గడప మీద కూర్చుని కాపలా కాసి ఉంటుంది. నేను వెనక్కు తిరిగి చూడలేదు. తిరిగితే మేకు వరస తప్పిపోతుంది. చెంబు చూసింది, నేను పేరు అడగకుండా వేశాను. ఆరడానికి వేళ్లాడదీసిన ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఈ కథ నేను అక్కకు చాలాసార్లు చెప్పాను. ఆవిడ ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. మామ్మ పది నిమిషాలు ఒకచోట కూర్చునే మనిషి కాదనీ, అది గుమ్మం తలుపు మీద నాన్న ఆరేసిన తువ్వాలనీ ఆవిడ వాదం. చెంబు ఇప్పుడు గోపాలపట్నంలో అక్క ఇంట్లోనే ఉంది, మనీప్లాంటు వేసుకుంది. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ మొక్కను తీసి డబ్బాలో పెట్టి, చెంబును చింతపండుతో తోమించి, ఇద్దరం కలిసి తేల్చుకుందామని కూర్చున్నాము. పీట, నల్లగుడ్డ, ఎడమ పక్క కిటికీ, వెనక వంటింటి గుమ్మం. ముందు తలుపు మీద తెల్ల తువ్వాలు వేసి చూశాను. తరవాత అక్కను తెల్లటి దుప్పటి కప్పుకుని గడప మీద కూర్చోమన్నాను. మోకాళ్ల నొప్పులని గొణుగుతూనే కూర్చుంది. పాత బొమ్మ పక్కన పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని, రెండింటినీ చూశాను. మనిషి కూర్చున్నప్పుడు పైన తల ఉన్నచోట మచ్చ సన్నబడింది, బొమ్మలో ఉన్నట్టే. "చూడు, తువ్వాలైతే పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి కదా, ఇది పైకి సన్నగా ఉంది" అన్నాను.

అక్క దుప్పటి తీసేసి, తువ్వాలు మళ్లీ తలుపు మీద వేసి, నన్ను పక్కకు జరగమని నా చోట కూర్చుని, కళ్లజోడు సవరించుకుని చెంబులోకి చూసింది.

"ఇదీ పైకి సన్నగానే ఉంది గదరా. చెంబు మెడ దగ్గరికి పోయే కొద్దీ అన్నీ సన్నబడతాయని చిన్నప్పుడు నువ్వే గదా నాకు చెప్పేవు" అంది.

నేను వంగి చూశాను. సన్నగానే ఉంది. అక్క మనీప్లాంటు కోసం డబ్బా వెతుకుతూ లోపలికి వెళ్లింది. నేను ఆ చోటు వదలకుండా తల నిలిపి, తువ్వాలును ఇంకొంచెం ఎడమకు జరిపి చూద్దామా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.